అద్దంలాంటి ఇంట్లో దోమ ఎక్కడిది?

ప్రశ్న: మాది అపార్టుమెంటులో రెండో అంతస్తు. ఇల్లు రోజూ ఊడ్చి తుడుస్తాను. దగ్గరలో మురుగు కాలువ లేదు. రాత్రి దోమతెర కట్టుకునే పడుకుంటాం. అయినా వానాకాలంలో మా వారికీ, బాబుకీ, ఆ తర్వాత పాపకీ వరసగా డెంగ్యూ వచ్చింది. ఇంత శుభ్రంగా ఉన్న ఇంట్లోకి అదెలా వచ్చింది?
– ఒక సోదరి, తార్నాక

జవాబు: అమ్మా! మీ శుభ్రతను శంకించనక్కర లేదు. కాని డెంగ్యూ దోమకు మురికితో పని లేదు. దానికి కావలసింది కదలకుండా నిలిచిన మంచినీరు. మురుగులో పుట్టి, రాత్రిళ్లు చెవి దగ్గర రొద పెట్టే దోమ క్యూలెక్స్. డెంగ్యూను మోసేది ఏడిస్. దాని నల్లటి ఒంటి మీదా, కాళ్ల మీదా తెల్లటి చారలుంటాయి. ఇది పగటిపూట కుడుతుంది, ముఖ్యంగా పొద్దున్నా, పొద్దుగూకే ముందూ. రాత్రి కట్టిన దోమతెర మిమ్మల్ని కాపాడలేకపోవడానికి కారణం ఇదే.

కుట్టని వేళల్లో ఈ దోమ మంచాల కింద, పరదాల వెనక, కొక్కేలకు తగిలించిన బట్టల మాటున దాక్కుంటుంది. సాధారణంగా పుట్టిన చోటునుంచి ఒకటి రెండు వందల మీటర్లు దాటి పోదు. కనుక మిమ్మల్ని కుట్టింది ఎక్కడో మూసీ ఒడ్డున పుట్టి వచ్చిన దోమ కాదు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, మీ మేడ మీదనో పుట్టినదే. జ్వరమున్న మనిషిని కుట్టాక 8 నుంచి 12 రోజుల్లో దానికి జబ్బు అంటించే శక్తి వస్తుంది. ఒక్క దోమే ఇంట్లో పలువురిని కుట్టగలదు. మీ ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు పడడం అందువల్లనే కావచ్చు.

దోమకూ జ్వరానికీ ఉన్న సంబంధం తేలినది మన జంటనగరాలలోనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ మలేరియా రోగిని కుట్టిన దోమను కోసి, దాని పొట్ట గోడలో మలేరియా క్రిమిని చూశారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆయన పేరిట ఉన్న సంస్థ ఉస్మానియా విశ్వవిద్యాలయానిదే. మీకు దగ్గరలోని నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి కూడా ఆయన పేరే పెట్టారు. మలేరియా దోమ వేరు, డెంగ్యూ దోమ వేరు. కాని దోమ పుట్టే నీటిని తొలగించాలని రాస్ పట్టుబట్టిన మాట రెండింటికీ వర్తిస్తుంది.

ఇక మీ ఇల్లు చూద్దాం. చీపురు వెళ్లని చోట్లు వెతకండి. ఫ్రిజ్ వెనక ట్రే, కూలర్ అడుగు, పూలకుండీ కింద పళ్లెం, మనీప్లాంట్ సీసా, ఏసీ నీళ్లు పడే బకెట్, పిట్టల కోసం గోడ మీద పెట్టిన ముంత, మేడ మీద పడేసిన టైరు, కొబ్బరి చిప్ప – వీటిలో ఏదైనా చాలు. నల్లా నీళ్లు రోజూ రాని ఇళ్లలో డ్రమ్ములు, బిందెలు నింపి ఉంచక తప్పదు. వాటికి బిగువైన మూత గాని, గుడ్డ వాసెన గాని ఉండాలి. సంపుకీ, పైట్యాంకుకీ మూతలో సందు ఉండరాదు. ట్యాంకు పొర్లు గొట్టానికి సన్నటి జాలీ కట్టించండి.

నీళ్లు పారబోస్తే సరిపోదు. ఈ దోమ గుడ్లు పాత్ర గోడకు, నీటి అంచున అంటుకుని ఉంటాయి. ఎండిపోయినా నెలల తరబడి చావక, మళ్లీ నీరు తగలగానే పగులుతాయి. కాబట్టి పీచుతో గట్టిగా తోమి, ఆరబెట్టాలి. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికి ఒకసారి తప్పకూడదు. 2020లో మన పురపాలక శాఖ ‘ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ అని ప్రచారం చేసింది కూడా ఇందుకే. మీ ఒక్క వాటా శుభ్రమైతే చాలదు. మేడమీదికీ, సంపు దగ్గరికీ అందరూ కలిసి వెళ్లండి.

పొగ బండి వచ్చి పోయిందని నిశ్చింతగా ఉండకండి. ఆ పొగకు చచ్చేవి ఎగిరే దోమలే. నీటిలోని పురుగులకు అది అందదు.

ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే మొదటి అయిదారు రోజులు పగలు కూడా దోమతెరలోనే పడుకోబెట్టండి. ఆ రోజుల్లో రోగిని కుట్టిన దోమే ఇంకొకరికి జబ్బు మోసుకెళ్తుంది.

ప్రశ్న: మా హాస్టల్లో ఒక మిత్రుడికి డెంగ్యూ జ్వరం నాలుగు రోజులుండి తగ్గింది. తగ్గిన మరునాడే పరిస్థితి విషమించి ఆస్పత్రిలో చేర్చారు. జ్వరం తగ్గాక ప్రమాదమేమిటి?
– ఒక విద్యార్థి, ఉస్మానియా క్యాంపస్

జవాబు: చాలామందికి తెలియవలసిన సంగతి అడిగారు. డెంగ్యూలో ఎక్కువమంది ఇంట్లోనే కోలుకుంటారు. కాని కొందరికి మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, సరిగ్గా జ్వరం దిగే వేళ, రక్తనాళాల నుంచి నీరు బయటికి ఊరి రక్తపోటు పడిపోతుంది. ఒళ్లు చల్లబడిందని సంతోషించే వేళే మెలకువగా ఉండాలి.

ఆగని కడుపునొప్పి, పదే పదే వాంతులు, చిగుళ్ల నుంచి గాని ముక్కు నుంచి గాని రక్తం, నల్లటి విరేచనం, ఆయాసం, మగత, కాళ్లు చేతులు చల్లబడడం, మూత్రం తగ్గడం – వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూసి ధైర్యపడడమూ తగదు, బెంబేలెత్తడమూ తగదు.

జ్వరానికి పారాసిటమాల్, అదీ డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడాలి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు వేసుకోకూడదు, రక్తస్రావం కావచ్చు. మజ్జిగ, గంజి, ఓఆర్ఎస్ నీళ్లు కొద్దికొద్దిగా తరచూ తాగించండి. హాస్టల్ గదిలో రోగిని ఒంటరిగా వదలకండి. మగతలో ఉన్నవాడు తన మగత తాను గుర్తించలేడు.