ఒకే మంచం చుట్టూ

మా అత్తయ్యకి తుంటి ఎముక ఆపరేషనయితే వారం రోజులు ఆసుపత్రిలో తోడున్నాను. డాక్టరుగారు కాలు మోపవచ్చన్నారు. సిస్టరేమో "అబ్బే, కదలనివ్వకండి" అంది. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి "ఇంకా లేపలేదా?" అని నన్నే కోప్పడింది. ఎవరి చదువూ తక్కువది కాదు. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు, అంతే. ముగ్గురి మధ్యా కబుర్లు మోసింది నేను. (ఆ మోత ఎప్పుడూ ఇంటి ఆడవాళ్ళదే కదా!)

పంజగుట్ట నిమ్స్‌లో వైద్యం, నర్సింగు, ఫిజియోథెరపీ మూడూ నేర్పుతారు. అమీర్‌పేట హాస్టల్లో ఆ పిల్లలు ఒకే గదిలో ఉన్నా ఆశ్చర్యం లేదు. కానీ ఒకే ఆవరణలో చదవడం వేరు, కలిసి చదవడం వేరు. ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది. అంతకుముందే ఆపరేషన్‌కి ఒక తనిఖీ పట్టిక తయారుచేసింది. కత్తి పెట్టేముందు గదిలో ప్రతి ఒక్కరూ తమ పేరూ, పనీ చెప్పుకోవాలన్నది అందులో ఒకటి. ఢిల్లీతో సహా 8 నగరాల్లో దాన్ని వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో తేలింది.

"సార్, ఈ మోతాదు ఎక్కువేమో" అనడానికి ఇరవయ్యేళ్ళ నర్సు పిల్లకి నోరు పెగలదు. ఆ ధైర్యం ఉద్యోగంలో చేరాక రాదు, చదువుకునేటప్పుడే రావాలి. అలాగే ఆ మాట వినే ఓర్పూను. వారానికొక రోజు అందరినీ ఒకే రోగి మంచం చుట్టూ నిలబెట్టి పాఠం చెబితే చాలు. ఆ పాఠం ఒకసారి హెడ్ నర్సు చెబితే, కాబోయే డాక్టర్లు నోట్సు రాసుకుంటారా?