నిమ్మరసం నిప్పు కాదు

చేపల పులుసు మరుగుతుంటే ఇల్లంతా నిండే వాసన ఎరిగినవారికి, పచ్చిచేపను తినడమన్న ఊహకే ఒళ్ళు జలదరిస్తుంది. నాకూ అంతే. అయితే ఆ జలదరింపు నుండే ఒక తొందరపాటు తీర్పు పుడుతుంది: "అజ్ఞానులు, అందుకే తింటున్నారు" అని. ఆ తీర్పుతోనే నాకు పేచీ.

థాయిలాండులోని ఈశాన్య ప్రాంతమైన ఇసాన్‌లో 'కోయి ప్లా' అనే వంటకం ఉంది. మంచినీటి చిన్నచేపలను పచ్చిగానే సన్నగా తరిగి, నిమ్మరసం, మిరప, ఆకులు, వేయించి దంచిన బియ్యప్పొడి కలుపుతారు. ఒపిస్తోర్కిస్ వివెర్రిని అనే కాలేయపు పురుగు పిల్లదశలో ఆ చేపల కండలో దాగి ఉంటుంది. తిన్నవారి పిత్తనాళాలలో చేరి ఏళ్ళ తరబడి బ్రతుకుతుంది. దాని గుడ్లు మలంతోపాటు నీటిలో కలిసి నత్తల కడుపులో పడతాయి. అక్కడ పెరిగిన పిల్లపురుగులు మళ్ళీ చేపలను చేరతాయి. నాళాల వాపు దీర్ఘకాలం కొనసాగితే కొందరిలో, దశాబ్దాల తరువాత, అది పిత్తనాళపు కాన్సరుగా పరిణమిస్తుంది. అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 1994లోనే ఈ పురుగును కాన్సరు కారకాల జాబితాలో చేర్చింది.

నిమ్మరసం తగిలిన చేప తెల్లబడి ఉడికినట్టే కనబడుతుంది. పురుగు మాత్రం చావదు. ప్రాజిక్వాంటెల్ మాత్ర దానిని చంపుతుంది. కానీ మాత్ర ఉందన్న ధీమాతో మళ్ళీ పచ్చిచేప తింటే, మళ్ళీ పురుగే.

ఖోన్ కెన్ విశ్వవిద్యాలయపు శస్త్రవైద్యుడు నరోంగ్ ఖుంతికియో తల్లిదండ్రులు ఇద్దరూ ఈ కాన్సరుతోనే మరణించారు. ఆయన పల్లెలకు వెళ్ళి స్కానింగులు చేయించి, ఉడికించి తినమని బోధించారు. అయినా పెద్దవారిలో పలువురు చిన్ననాటి రుచిని వదలలేకపోయారు. దీనిని అజ్ఞానమని నేనెలా అనను? రక్తపోటు మాత్ర మింగి, ఆ చేత్తోనే ఆవకాయ జాడీ మూత తీసే ఇంటిలో పుట్టినవాడిని.

రుచి నాలుకకు మాత్రమే సంబంధించినది కాదు. అందులో అమ్మ చేయి ఉంది, పదిమంది ఒక్కచోట కూర్చున్న మధ్యాహ్నం ఉంది. దానిని తిట్టి మాన్పించలేము. ఆ కారం, ఆ పులుపు, ఆ బియ్యప్పొడి అన్నీ ఉంచి, చేపను మాత్రం పొయ్యి మీద బాగా ఉడకనివ్వమని అడగవచ్చు. మలం చెరువులో కలవకుండా మరుగుదొడ్లు కట్టించవచ్చు. పిల్లలకు మొదటి ముద్దే ఉడికినది పెడితే, రేపు వారు బెంగపడే రుచి కూడా అదే అవుతుంది.

విభేదించే మిత్రులు నిస్సంకోచంగా వ్రాయండి.