సోనరస్ అంటే 'పెద్ద శబ్దం' కాదండీ



పేరెంట్స్ మీటింగ్ జరిగిన ప్రతిసారీ మీలో చాలామంది నన్ను అడిగే మాట ఒకటుంది. "మేడమ్, మా పాపకి వొకాబులరీ వీక్. ఒక వర్డ్ లిస్ట్ ఇవ్వండి, రోజుకి పది చొప్పున బట్టీ పట్టిస్తాం." అడగడంలో తప్పేమీ లేదు. ఫీజు కడుతున్నారు, ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చి మళ్లీ పిల్లల పక్కన పుస్తకం పట్టుకుని కూర్చుంటున్నారు. చేతికి చిక్కేది ఏదో ఒకటి కావాలి కదా. అయినా నేను లిస్ట్ ఇవ్వను. ఎందుకివ్వనో చెప్పడానికి ఏడో తరగతిలో ఈ టర్మ్ చెబుతున్న మాటలనే తీసుకుంటాను. అవన్నీ శబ్దాన్ని వర్ణించే ఇంగ్లీషు మాటలు.

బజార్లో దొరికే లిస్టుల్లో 'సోనరస్' పక్కన 'లౌడ్' అని ఉంటుంది. అది బట్టీ పట్టిన పిల్ల పరీక్షలో 'ద హారన్ ఆఫ్ ద ఆటో వాజ్ సోనరస్' అని రాస్తుంది. స్పెల్లింగ్ కరెక్టే, గ్రామర్ కరెక్టే, వాక్యం మాత్రం తప్పు. సోనరస్ అంటే నిండుగా, లోతుగా, గంభీరంగా పలికే ధ్వని. ఘంటసాల గారి గొంతు సోనరస్. ఆటో హారన్‌ని అలా అనలేం. ఇక గుడిగంట కొట్టి చెయ్యి తీసేశాక కూడా కాసేపు గాలిలో మోగుతూనే ఉంటుంది చూడండి, అది 'రెజొనెంట్'. లిస్టులో ఈ రెండింటికీ ఒకే అర్థం ఉంటుంది. చెవికి మాత్రం రెండూ ఒకటి కావు.

ఈ రెండు మాటలకీ తల్లి లాటిన్ మాట 'సోనుస్'. అర్థం శబ్దం. మనం రోజూ అనే 'సౌండ్' కూడా దాని బిడ్డే. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దాని చివర 'డి' అక్షరం లేదు. పలికేవాళ్ల నోట్లో తర్వాత చేరి అక్కడే ఉండిపోయింది. తిరిగి ధ్వనించేది రెజొనెంట్, పొసగకుండా ధ్వనించేది డిస్సొనెంట్. ప్రేయర్‌లో పిల్లలంతా ఒక్క గొంతుగా పలికితే యూనిసన్. 'కాన్సొనెంట్' అంటే 'కలిసి ధ్వనించేది'. ఒంటరిగా పలకలేక అచ్చు తోడు తెచ్చుకునే అక్షరం. ఇది చెప్పినప్పుడు క్లాసులో నేను తెలుగు వ్యాకరణం ఎత్తాల్సి వచ్చింది. మన పాత వ్యాకరణాల్లో అచ్చులను ప్రాణాలు అనీ, హల్లులను ప్రాణులు అనీ అన్నారు. ప్రాణం లేనిదే ప్రాణి లేదు. రోమన్ పండితులకు తట్టిన సంగతే మనవాళ్లకూ తట్టింది, మనవాళ్లు ఇంకొంచెం అందంగా చెప్పారు. కాన్సొనెంట్ స్పెల్లింగ్‌లో 'సోన్' ఎందుకుందో ఆ రోజు తర్వాత ఎవరూ అడగలేదు.

మీరు అనవచ్చు, "ఇవన్నీ బాగానే ఉన్నాయి మేడమ్, మార్కులు?" అని. పరీక్షలో కాంప్రహెన్షన్ పాసేజ్ వస్తుంది. అందులో లిస్టులో లేని మాట ఒకటి తప్పకుండా ఉంటుంది. ఏ లిస్టూ అన్ని మాటల్నీ పట్టలేదు. అప్పుడు పిల్లలకు పనికొచ్చేది మాటను విడదీసి చూసే అలవాటు. అయితే ఒక్క విషయం దాచను. మూలం తెలిస్తే అన్నీ తెలిసిపోతాయనుకోవడం కూడా ప్రమాదమే. 'సౌండ్ స్లీప్' లోని సౌండ్‌కి శబ్దంతో ఏ సంబంధమూ లేదు. అది జర్మన్ కుటుంబానికి చెందిన పాత ఇంగ్లీషు మాట, ఆరోగ్యంగా ఉండటం అని అర్థం. స్పెల్లింగ్ ఒకటే, పుట్టిళ్లు వేరు. అందుకే మూలంతో పాటు వాక్యాన్నీ చూడమంటాను.

ఇంగ్లీషులో శబ్దాల మాటలు రెండంతస్తుల ఇల్లు లాంటివి. కింది అంతస్తులో బజ్, హిస్, బ్యాంగ్, ర్యాటిల్ లాంటివి ఉంటాయి. ఇవి చెవికి వినపడినదాన్ని నోటితో అనుకరించిన మాటలు, లాటిన్‌తో పని లేనివి. పై అంతస్తులో సోనరస్, స్ట్రైడెంట్, వొసిఫరస్ లాంటి లాటిన్ మాటలు. కోర్టుల్లో, పుస్తకాల్లో, ఎంట్రన్స్ పేపర్లలో కనపడేవి ఇవే. తెలుగిల్లూ అలాగే కట్టి ఉంది. పైన ధ్వని, నాదం, రవం, నినాదం. కింద గాజుల గలగల, గజ్జెల ఘల్లుఘల్లు, తాలింపు చిటపట, తలుపు కిర్రు, కప్పల బెకబెక, పాము బుస్సు, గుండె దడదడ. ఈ కింది అంతస్తు విషయంలో ఇంగ్లీషు కన్నా మనం ధనవంతులమని నా అభిప్రాయం. గలగల, ఘల్లుఘల్లుల మధ్య తేడా చెప్పడానికి ఇంగ్లీషులో నాకు ఇప్పటికీ మంచి జంట దొరకలేదు.

ఇక్కడ మీతో కొంచెం గట్టిగా మాట్లాడాలి. "ఇంట్లో కూడా తెలుగు మానేశాం మేడమ్, ఇంగ్లీష్ ఓన్లీ" అని కొందరు గర్వంగా చెబుతున్నారు. దయచేసి అలా చేయకండి. ఇంగ్లీషు టీచర్‌గానే ఈ మాట అంటున్నాను. గలగలకీ గణగణకీ తేడా విన్న చెవికి రెజొనెంట్‌కీ సోనరస్‌కీ తేడా చెప్పడం నాకు ఐదు నిమిషాల పని. ఏ భాషలోనూ ఆ తేడా వినని పిల్లలకు శబ్దం అంటే రెండే రకాలు, లౌడ్, నాట్ లౌడ్. అలాంటి పిల్లలకు యాభై మాటలు నేర్పినా యాభైనీ ఆ రెండు డబ్బాల్లోనే పడేస్తారు.

తెలుగు వల్ల ఇంకో లాభం కూడా ఉంది. లాటిన్‌లో గొంతును 'వోక్స్' అంటారు. వాయిస్, వొకల్, వవెల్ దాని నుంచే వచ్చాయి. గొంతెత్తి మోసుకుపోయేవాడు వొసిఫరస్. పిలవడం అనే లాటిన్ క్రియ కూడా ఆ కుటుంబానిదే. కష్టంలో పక్కకు పిలిపించుకునేవాడు అడ్వొకేట్. మీరు అడుగుతున్న వొకాబులరీ కూడా ఈ ఇంటి పిల్లే, వస్తువును పిలిచే పేర్ల మూట అన్నమాట. ఇప్పుడు వోక్స్ పక్కన మన 'వాక్కు' పెట్టి చూడండి. రెండూ అక్కాచెల్లెళ్లే. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పాడు. తెలుగు ఆ కుటుంబంలోది కాదు. ఆ సంగతి 1816లో మద్రాసులో ఎల్లిస్ దొర వాదించి చూపించాడు. కానీ మనం వాడే తత్సమాల ద్వారా ఆ బంధుత్వం మన ఇంట్లోకీ వచ్చింది. 'వాక్కు' తెలిసిన పిల్లకు వోక్స్ పరాయి మాట కాదు.

మీటింగుల్లో మీరు ఎక్కువసార్లు చెప్పే ఫిర్యాదు ఏమిటో తెలుసా? "మా వాడు అస్సలు మాట వినడండీ." లాటిన్‌లో వినడం 'ఔదీరె'. ఆడియో, ఆడియన్స్, ఆడిటోరియం అందరికీ తెలిసినవే. దానికి ముందు 'వైపు' అనే అర్థమున్న ఉపసర్గ చేరిస్తే అయిన మాటే ఇంగ్లీషులో 'ఒబే'. అంటే చెవి ఇటువైపు పెట్టడం. మనం 'మాట వినడం' అని దేన్ని అంటామో, రోమన్లూ అదే అన్నారు! ఇది చెప్పగానే ఒక అబ్బాయి లేచి, "అయితే మేడమ్, మేం చెప్పింది పెద్దవాళ్లు వింటే వాళ్లు ఒబీడియెంటా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను ఆ ప్రశ్నకు సమాధానం చెప్పలేదు, మీకు పంపిస్తున్నాను.

'ఆడిట్' కూడా వినడమే. పూర్వం లెక్కలు రాసినవాడు పైకి చదివితే, అధికారి కూర్చుని వినేవాడు. తప్పులు చెవితో పట్టేవారు. పిల్లల నోట్‌బుక్ చూసి సంతకం పెట్టే బదులు, నేర్చుకున్న రెండు మాటల్ని మీ ఎదుట పైకి చెప్పించి వినండి. ఇంగ్లీషు రాని తల్లులు కూడా ఈ ఆడిట్ చేయగలరు. అర్థమైన మాట చెప్పే గొంతుకీ, బట్టీ మాట చెప్పే గొంతుకీ తేడా తెలుసుకోవడానికి ఇంగ్లీషు అక్కర్లేదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట 'అబ్సర్డ్'. అర్థంలేనిది, అసంబద్ధం అని లిస్టులో ఉంటుంది. లాటిన్‌లో దీని అసలు అర్థం శ్రుతి తప్పినది. పాటలో పొసగని స్వరం లాంటి మాట కాబట్టి అబ్సర్డ్. మన పేపర్లలో రోజూ చూస్తాం, 'పెళ్లి వేడుకలో అపశ్రుతి' అని. జరిగింది షామియానా కూలడం, శీర్షికలో మాత్రం సంగీతం మాట. ఇంగ్లీషూ తెలుగూ రెండూ తప్పును చెవితోనే గుర్తుపట్టాయి.

ఈ అబ్సర్డ్‌లో దాగిన 'సుర్దుస్' అనే లాటిన్ మాటకు చెవిటి అని అర్థం. అది తొమ్మిదో తరగతి మ్యాథ్స్ పుస్తకంలో కూడా కూర్చుని ఉంది. రూట్ 2 లాంటి సంఖ్యల్ని 'సర్డ్' అంటారు కదా, ఆ సర్డ్ ఇదే. గ్రీకులో ఇలాంటి సంఖ్యకు పెట్టిన పేరులో 'లొగోస్' ఉంది. ఆ మాటకు నిష్పత్తి అనీ అర్థమే, మాట అనీ అర్థమే. నిష్పత్తి లేని సంఖ్య అని గ్రీకులు అన్నదాన్ని అరబ్బు గణితవేత్తలు మాట లేనిది అన్న వైపు తీసుకుని, చెవిటి అనే అర్థమున్న తమ మాట వాడారు. 12వ శతాబ్దంలో అరబ్బీ గ్రంథాలను లాటిన్‌లోకి తెచ్చినవాళ్లు దాన్ని సుర్దుస్ అన్నారు. తెలుగు మీడియంలో చదివిన మీకు ఇది 'కరణి'గా గుర్తుంటుంది. ఒక అనువాదకుడు రెండర్థాల మాటలో ఒక అర్థాన్ని ఎంచుకున్నందుకు, ఇన్ని వందల ఏళ్ల తర్వాత మన పిల్లలు రూట్ 2ని చెవిటి సంఖ్య అంటున్నారు. ఇంగ్లీషు పీరియడ్‌లో మ్యాథ్స్ ఎందుకని అడిగితే నా జవాబు ఇదే.

'ఎక్స్‌ప్లోడ్' కథ చెబితే మాత్రం అల్లరి మొదలవుతుంది. లాటిన్‌లో అది బాంబు మాట కాదు, నాటకం మాట. నచ్చని నటుణ్ణి చప్పట్లు కొట్టి, గోల చేసి స్టేజీ దింపేయడం. అప్లాజ్‌కీ దీనికీ చప్పట్లే మూలం. పేలడం అనే అర్థం చాలా తర్వాత వచ్చింది. 'ప్లాజిబుల్' కూడా చప్పట్లకు తగినది అనే మాటే. ఇప్పుడు పైకి నమ్మేలా ఉన్నది అని దిగజారింది. హోంవర్క్ ఎందుకు చేయలేదంటే పిల్లలు చెప్పే కారణాలన్నీ ఇప్పుడు మా క్లాసులో ప్లాజిబులే.

ఈ నెల నేను లిస్టుకు బదులు ఇస్తున్న పని ఇది. నోట్‌బుక్ చివరి పేజీలో ఏడో తరగతి పిల్లలు మూడు గడులు గీసుకున్నారు. మొదటి గడిలో ఇంట్లో విన్న శబ్దానికి తెలుగు మాట, రెండో గడిలో దానికి దగ్గరి ఇంగ్లీషు మాట, మూడో గడిలో రెండూ ఎక్కడ సరిపోలేదో ఒక వాక్యం. మొదటి గడి నిండాలంటే మీరు కావాలి. తిరగలి ఎలా మోగేదో, ఎడ్లబండి ఇరుసు ఎలా ఏడ్చేదో అమ్మమ్మకీ నాయనమ్మకీ ఫోన్ చేయించండి. శుక్రవారానికి పది మాటలు రావాలి. పిల్లలు అడిగినప్పుడు 'గూగుల్‌లో చూసుకో' అనకండి, ఆ మాటలు అందులో దొరకవు.