రూట్ యాక్సెస్ ఉంది, చట్టమే లేదు

మొన్న శుక్రవారం లంచ్ దగ్గర మా టీమ్‌లో ఒకాయన ఏదో స్పై సినిమా చూసొచ్చి మహా ఊపు మీదున్నాడు. "మన 'రా' వాళ్ళు తల్చుకుంటే ఎవడినైనా ఎక్కడైనా లేపేస్తారు బాస్, వాళ్ళకి అడ్డేముంది" అన్నాడు. టేబులంతా ఒకటే హుషారు. నాకు మాత్రం ఆ చివరి ముక్క దగ్గర ముద్ద ఆగింది. అడ్డేముంది? నిజంగానే ఏమీ లేదు. అందులో గర్వపడాల్సిందేమిటో నాకైతే అర్థం కాలేదు.

ఇదే మనిషి సోమవారం పొద్దున ప్రొడక్షన్ సర్వర్‌లో ఒక్క లాగ్ ఫైల్ చూడాలంటే ఏం చేస్తాడో మనకందరికీ తెలుసు. టికెట్ పెట్టాలి, మేనేజర్ అప్రూవ్ చెయ్యాలి, నాలుగు గంటల్లో యాక్సెస్ పోతుంది, కొట్టిన ప్రతి కమాండూ ఎక్కడో రికార్డవుతుంది. మూడు నెలల తర్వాత ఆడిటర్ వచ్చి "ఆ రోజు రాత్రి ఎందుకు లాగినయ్యావు" అని అడుగుతాడు. ఎవరిదో కస్టమర్ అడ్రసు చూడ్డానికే ఇంత తతంగం. దాన్ని మనం తిట్టుకుంటాం గానీ, తప్పని మాత్రం అనం.

ఇహ మన ఇంటెలిజెన్స్ బ్యూరో సంగతి చూడండి. దాని మూలం 1887లో ఉంది, తెల్లవాళ్ళు మన మీదే కన్నేసి ఉంచడానికి పెట్టుకున్న విభాగం. స్వతంత్రం వచ్చి ఇన్నేళ్ళయినా అది ఏం చెయ్యొచ్చో, ఏం చెయ్యకూడదో చెప్పే చట్టం పార్లమెంటు ఒక్కటీ చెయ్యలేదు. 'రా' 1968 సెప్టెంబరులో పుట్టింది, అదీ ప్రభుత్వ ఆదేశం మీదే. ఐబీలోనే పనిచేసి రిటైరైన ఒక అధికారి ఈ సంగతి మీద కర్ణాటక హైకోర్టుకెళ్తే ప్రభుత్వం ఇచ్చిన జవాబు, రాజ్యాంగం ఏడో షెడ్యూలులో దీని ప్రస్తావన ఉంది అని. ఆ షెడ్యూలు చెప్పేది ఫలానా విషయం మీద చట్టం చేసే అధికారం కేంద్రానిది అని మాత్రమే. చట్టం చేసే అధికారం ఉండటమూ, చట్టం ఉండటమూ ఒకటేనా? ఇల్లు కట్టుకోడానికి పర్మిషన్ చూపించి ఇదే ఇల్లు అన్నట్టుంది.

అసలు చట్టాలే లేవా అంటే, ఉన్నాయి. 1985లో ఒకటి చేశారు, ఈ సంస్థల ఉద్యోగులు యూనియన్ పెట్టుకోకూడదనీ పత్రికలతో మాట్లాడకూడదనీ. 2005 సమాచార హక్కు చట్టంలో 24వ సెక్షన్ పెట్టారు, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు తప్ప మిగతావేవీ వీళ్ళని అడక్కూడదని. అంటే లోపలివాళ్ళు చెప్పకూడదు, బయటివాళ్ళు అడగకూడదు. ఈ రెండిటికీ చట్టాలున్నాయి. చేసే పనికి మాత్రం లేదు!

"అయితే నష్టమేంటి, వాళ్ళు దేశం కోసమే కదా చేసేది" అంటారా? నంబి నారాయణన్‌ని తల్చుకోండి. 2022లో మాధవన్ సినిమా చూసి మనలో చాలామంది కళ్ళు తుడుచుకున్నాం. వికాస్ ఇంజన్ తయారీలో ముఖ్యుడు, ఆ తర్వాత క్రయోజెనిక్ ప్రాజెక్టు చూస్తున్నవాడు. 1994 నవంబరు 30న కేరళ పోలీసులు అరెస్టు చేశారు, రాకెట్ రహస్యాలు అమ్మేశాడని. యాభై రోజులు నిర్బంధం. ఐబీ వాళ్ళు ప్రశ్నించినప్పుడు తనని కొట్టారని ఆయన చెప్తూనే ఉన్నాడు. 1996లో సీబీఐ ఈ కేసులో పసే లేదని తేల్చేసింది. 1998లో సుప్రీంకోర్టు కూడా దాన్నే నిలబెట్టింది. 2018లో యాభై లక్షల పరిహారం ఇమ్మంది. ఎవరిని? కేరళ ప్రభుత్వాన్ని. 2021లో మళ్ళీ కోర్టే సీబీఐ దర్యాప్తు వేస్తే, 2024లో ఛార్జిషీటు పడింది, అందులో మాజీ ఐబీ అధికారులూ ఉన్నారు. అరెస్టుకీ ఛార్జిషీటుకీ మధ్య ముప్ఫయ్యేళ్ళు. ఆ కేసు కోర్టులో తేలాల్సిందే, నేను తీర్పులు చెప్పబోవడం లేదు. కానీ ఒక్కటడుగుతా. ఒక ఇంజనీరుని గదిలో కూర్చోబెట్టి ప్రశ్నించే అధికారం ఐబీకి ఏ చట్టం ఇచ్చింది? ఐబీకి అరెస్టు చేసే అధికారమే లేదు. ఆ నాలుగేళ్ళలో ఆయన వెళ్ళి తలుపు తట్టదగ్గ స్వతంత్ర విచారణాధికారి గానీ, ఐబీ డైరెక్టర్ని పిలిచి అడిగే పార్లమెంటు కమిటీ గానీ ఉన్నాయా? ఆయన అదృష్టం కొద్దీ బతికుండి కొట్లాడాడు. అంత ఓపిక లేనివాళ్ళు ఎంతమందో మనకేం తెలుసు, చెప్పకూడదు కదా :)

ఇందులో పార్టీల గొడవ లేదు. నేతాజీ బంధువుల ఉత్తరాలు కలకత్తాలో ఐబీ వాళ్ళు విప్పి చదివారని, 1948 నుంచి 1968 దాకా ఇరవయ్యేళ్ళు వాళ్ళని కనిపెట్టుకుని ఉన్నారని 2015లో బయటికొచ్చిన ఫైళ్ళు చెప్పాయి. దేశానికి వాళ్ళ వల్ల వచ్చిన ముప్పేమిటో నాకైతే అంతుపట్టలేదు. ఎవరు గద్దెనెక్కినా ఈ చెవి వాళ్ళకి ముద్దే, అందుకే ఎవరూ దీనికి తాళం వెయ్యరు.

రివ్యూ లేదా అంటే, కాగితం మీద ఉంది. ఫోన్ ట్యాప్ చెయ్యాలంటే కేంద్రంలో హోం సెక్రెటరీ సంతకం, దాని మీద కేబినెట్ సెక్రెటరీ అధ్యక్షతన రివ్యూ కమిటీ. జడ్జి లేడు, ఎంపీ లేడు, అందరూ అధికారులే. 2013లో ఆర్టీఐ జవాబు ప్రకారం కేంద్రం నెలకి 7,500 నుంచి 9,000 ఆదేశాలిస్తోంది. కమిటీ కూర్చునేది రెండు నెలలకోసారి. అంటే ఒక్కో మీటింగుకి 15,000 నుంచి 18,000. ఇది నా లెక్క కాదు, 2018లో శ్రీకృష్ణ కమిటీ రిపోర్టే ఇది జరిగే పని కాదంది. దాని తర్వాతి లెక్క మాత్రం నాది: కాఫీ కూడా తాగకుండా ఎనిమిది గంటలు కూర్చున్నా ఒక్కో ఆదేశానికి రెండు సెకన్లు రావు. మన దగ్గర రిలీజ్ ముందు రోజు రాత్రి కోడ్ రివ్యూలు ఇలాగే జరుగుతాయి, ఆ రిలీజులు ఏమవుతాయో వేరే చెప్పాలా?

పెగసస్ గొడవలో సుప్రీంకోర్టు వేసిన కమిటీ 29 ఫోన్లు చూసి అయిదింట్లో ఏదో మాల్‌వేర్ ఉందంది, అది పెగససేనని తేల్చలేకపోయింది. కేంద్రం సహకరించలేదని కమిటీ చెప్పినట్టు 2022 ఆగస్టులో జస్టిస్ రమణ కోర్టులోనే చదివి వినిపించారు. సుప్రీంకోర్టుకే చెప్పనివాళ్ళు మీకూ నాకూ చెప్తారా?

ఢిల్లీ దూరం అనుకుంటే హైదరాబాదే చూడండి. మావోయిస్టుల కోసం పెట్టిన రాష్ట్ర పోలీసుల నిఘా విభాగం, ఎస్ఐబీ, ప్రతిపక్ష నాయకుల ఫోన్లు విందనీ, 2023 డిసెంబరులో ప్రభుత్వం మారగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారనీ 2024 మార్చిలో కేసు పెట్టారు. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. ఆరోపణని ఒక ఇంజనీరుగా చదవండి చాలు. లాగ్స్ ఎవరి మీద ఉన్నాయో, వాటిని చెరిపే అధికారమూ వాళ్ళ చేతుల్లోనే ఉందన్నమాట. ఇలాంటి డిజైన్ ఇంటర్వ్యూలో ఎవడన్నా గీస్తే బయటికి పంపిస్తాం.

ఇక్కడే మా మిత్రుడు ఇజ్రాయెల్ని తెస్తాడు. తెమ్మనండి. ఆ ఇజ్రాయెల్ తన అంతర్గత నిఘా సంస్థ షిన్ బెత్‌కి 2002లో చట్టం చేసింది, అదీ ఊళ్ళో బస్సుల్లో బాంబులు పేలుతున్న రోజుల్లో. బ్రిటన్ 1989లో, 1994లో చట్టాలు చేసి ఎంపీల కమిటీ పెట్టుకుంది. అమెరికా సీఐఏ పుట్టిందే 1947 చట్టంతో. చట్టాలున్నా అక్కడా అఘాయిత్యాలు జరిగాయి, 2013లో స్నోడెన్ బయటపెట్టిందే అది, కాదనను. కానీ అక్కడ నిలదీయడానికి ఓ సెక్షనూ, పిలిచి కూర్చోబెట్టడానికి ఓ కమిటీ ఉన్నాయి. వాటి వల్ల వాళ్ళ గూఢచారులు చేతకానివాళ్ళయిపోయారని మాత్రం ఎవరూ అనరు.

ఆ మాటకొస్తే చట్టం అవసరం మనకంటే ఆ ఉద్యోగులకే ఎక్కువ. పైవాడు నోటిమాటగా చెప్పిన పని చేసినవాడు రేపు దొరికిపోతే చూపించుకోడానికి కాగితం ఏది? 2024 అక్టోబరులో న్యూయార్క్ హత్యాయత్నం కేసులో అమెరికా ఒక మనిషిని ముద్దాయిగా చేర్చి, మీ నిఘా విభాగంలో పనిచేసినవాడే అంటే, ఇప్పుడు మా ఉద్యోగి కాదు అని మనవాళ్ళు చెప్పారు. వాడు దోషో కాదో నాకు తెలీదు. వాడి వెనక ఆదేశం ఉందో లేదో తేల్చే పద్ధతి మాత్రం మనకి లేదు.

2011లో మనీశ్ తివారీ ఈ సంస్థలకి చట్టం కావాలంటూ లోక్‌సభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. పార్లమెంటు కమిటీ, ట్రిబ్యునల్, ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్, అన్నీ అందులో ఉన్నాయి. 2012లో ఆయన మంత్రయ్యారు, బిల్లు అటకెక్కింది. దాంట్లో లోపాలు లేవనను, కానీ కొత్తగా తెల్లకాగితంతో మొదలెట్టక్కర్లేదు, దాన్నే దుమ్ము దులిపి చర్చకి పెట్టొచ్చు. మీ ఎంపీ ఈసారి ఏ తెలుగు సంఘం సభకో వచ్చి సెల్ఫీలు దిగుతున్నప్పుడు ఈ ఒక్కటీ అడిగి చూడండి.