క్రీడావేదిక: పోకెమాన్ పోటీకి ముందు నియమావళి

ఏ పోటీలోనైనా ఆటగాళ్ళ కంటె ముందు సిద్ధం కావలసినది నియమావళి. మన పల్లెల అరుగులపై గీసిన పులిజూదం పటాన్ని ఒకసారి స్మరించండి. 3 పులులకు 15 మేకలు ఎదురు నిలుస్తాయి. ఇరుపక్షాల సంఖ్య సమానం కాదు, నడక సమానం కాదు. మేకను దాటి చంపే హక్కు పులికి ఉన్నది. మేకకు పులిని చుట్టుముట్టి కదలకుండా చేయడమొక్కటే మార్గం. ఇంతటి అసమానత ఉన్నా తరతరాలుగా ఆ ఆట సాగివచ్చిందంటే, ఎవరికి ఏ బలమున్నదో, దానిని ఎంతవరకు వాడవచ్చునో ఇద్దరికీ ముందే తెలిసి ఉండడమే అందుకు కారణం.

మన టౌన్‌షిప్‌ల రిక్రియేషన్ క్లబ్బులలో క్యారమ్స్, చదరంగం, షటిల్ పోటీలు జరపడం పరిపాటి. వాటి నియమాలు ఏనాడో స్థిరపడినవి కనుక నిర్వాహకులకు చిక్కులు తక్కువ. అయితే నేటి పిల్లలు పోకెమాన్ వీడియో గేమ్ పోటీ కూడా కావాలని కోరడం కద్దు. పెద్దలలో పలువురికి ఈ ఆట అపరిచితం. తెలియని ఆటకు తొందరపాటుగా పోటీ పెడితే మధ్యాహ్నానికల్లా తగవులు తలెత్తుతాయి. అందుచేత ఆ పోటీని ఏ పద్ధతిన, ఏ నియమాలతో నిర్వహించవలెనో ఈ నెల ఈ శీర్షికన వివరించదలచాము.

ఆట పుట్టుపూర్వోత్తరాలు

బాల్యంలో పురుగులను పట్టి సేకరించడంలో అమితాసక్తి గల సతోషి తజిరి అనే జపాను దేశస్థుడు, ఆ ఆసక్తినే ఆటగా మలచాడు. 1996 ఫిబ్రవరి 27న జపానులో ‘గేమ్ బాయ్’ యంత్రానికై రెడ్, గ్రీన్ అనే రెండు రూపాలలో ఈ ఆట విడుదలైంది. అందులో వింత జీవులు 151. వాటిని పట్టి, పెంచి, ఒక తీగ ద్వారా మిత్రుని యంత్రంతో కలిపి పోరాడించవచ్చును. నీరు నిప్పును గెలుస్తుంది, నిప్పు గడ్డిని గెలుస్తుంది, గడ్డి నీటిని గెలుస్తుంది. ఇటువంటి జాతిగుణాలు నేడు 18. ఒక్కొక్క జీవికి నాలుగేసి ఎత్తులు. ఇరువురూ తమ ఎత్తును రహస్యంగా ఎంచుకొన్న తరువాత ఒకేసారి ఫలితం తెలుస్తుంది. ప్రత్యర్థి మనస్సును ముందుగా చదవగలగడమే ఈ ఆటలోని నేర్పు.

1997లో జపానులో జరిగిన నింటెండో కప్ నియమం ఒకటి గమనార్హం. ఆటగాడు తెచ్చిన ఆరింటిలో మూడింటిని బరిలోకి దింపవలెను. ఒక్కొక్కదాని స్థాయి 50కి తగ్గరాదు, 55కు మించరాదు. మూడింటి మొత్తం 155 దాటరాదు. ఒక జీవిని 55 స్థాయిలో దింపితే తక్కిన రెండూ 50లోనే ఉండక తప్పదు. ఒకదానిని ఘనంగా నిలపాలా, మూడింటికీ కొద్దికొద్దిగా పంచాలా అనే ఆలోచనకు ఆ ఒక్క అంకె చోటు కల్పించింది. మంచి నియమం బలవంతుని అదుపు చేయడంతో ఆగదు, ఆలోచనాపరునికి అవకాశమిస్తుంది.

ఏకపోరా, జంటపోరా?

నిర్వాహకులు మొదట తేల్చుకోవలసినది పోరు స్వరూపం. ఏకపోరులో ఒక్కొక్క జీవి ఎదురెదురుగా నిలుస్తుంది. జంటపోరులో రెండేసి నిలుస్తాయి. 2009 నుండి జరుగుతున్న అధికారిక ప్రపంచ వీడియో గేమ్ పోటీలు జంటపోరునే ప్రధానంగా స్వీకరించాయి. ఆరింటిని నమోదు చేసి, ప్రత్యర్థి ఆరింటిని చూసిన పిమ్మట నాలుగింటిని ఎంచుకొనడం అందలి పద్ధతి. ఆరింటిలో నాలుగింటిని 15 విధాలుగా ఎంచుకొనవచ్చును కనుక తొలి ఎత్తుకు ముందే ఆలోచన ఆరంభమవుతుంది.

స్వరూపాన్ని బట్టి జీవి విలువ ఎట్లు మారుతుందో చెప్పడానికి 2014 నాటి ఉదాహరణ చాలును. ఆ యేడు వాషింగ్టన్ నగరంలో జరిగిన ప్రపంచ పోటీలో దక్షిణ కొరియా యువకుడు సె జున్ పార్క్ విజేతగా నిలిచాడు. అతని జట్టులో పచిరిసు అనే చిన్న ఉడుత వంటి జీవి ఉండడం చూసి ప్రేక్షకులు అబ్బురపడ్డారు. దాని దాడి బలం స్వల్పమే. కాని ప్రత్యర్థుల దెబ్బలను తనవైపు తిప్పుకొనే ఎత్తు దానికి తెలుసు. పక్కనున్న బలమైన జీవి నిరాటంకంగా పోరాడగా, ఈ చిన్నది దెబ్బలను కాచింది. పక్కన తోడు లేని ఏకపోరులో ఆ విద్యకు ప్రయోజనమే లేదు.

జంటపోరుకు అధికారిక నియమాలు సిద్ధంగా ఉన్నందున మన క్లబ్బులకు అదే సుకరం. ఆ నియమాల సారం ఇది: జీవులన్నింటినీ 50వ స్థాయిలో నిలపడం, ఒకే జాతి జీవి రెండుసార్లు జట్టులో ఉండరాదు, ఒకే ఉపకరణాన్ని రెండు జీవులు ధరించరాదు. మ్యూటూ వంటి మహాబల జీవులను అధికారిక పోటీలలో కొన్నాళ్ళు రెండింటి వరకు, కొన్నాళ్ళు ఒకదానిని అనుమతించారు, కొన్నాళ్ళు పూర్తిగా నిషేధించారు. తొలిసారి ఆడే పిల్లలున్న పోటీలో పూర్తి నిషేధమే మేలు.

మరీ చిన్న పిల్లలకు విడిగా ఏకపోరు పెట్టదలిస్తే మూడు నిబంధనలు అదనంగా చేర్చవలెను. ప్రత్యర్థి జీవులలో ఒకటి నిద్రలో ఉండగా మరొకదానిని నిద్రపుచ్చరాదు. ఒక్క దెబ్బకే కూల్చే ఎత్తులు వాడరాదు. దెబ్బ తగలకుండా తప్పించుకొనే గుణాన్ని పెంచే ఎత్తులు కూడదు. ఇవి లేకుంటే నేర్పు వెనుకబడి అదృష్టం ముందుకు వస్తుంది. నిద్రించే జట్టును చూస్తూ కూర్చోవడమే పిల్లవాని పని అవుతుంది.

యంత్రం లేని పిల్లల మాటేమిటి?

ఈ ఆటకు తగిన యంత్రం, దానిలో వేయు ఆట, రెండూ ఖరీదైనవే. సొంత యంత్రం కలిగి, నెలల తరబడి జీవులను పెంచుకొన్న బాలుడు ఒకవైపు, అవేవీ లేని బాలిక మరొకవైపు కూర్చుంటే ఆ పోటీ తల్లిదండ్రుల జీతాల మధ్య పోటీగా పరిణమిస్తుంది. ఒకే టౌన్‌షిప్‌లో, ఒకే బడిలో చదివే పిల్లల మధ్య ఇటువంటి తారతమ్యం తగదు.

ఇందుకు పరిష్కారం లేకపోలేదు. పోకెమాన్ షోడౌన్ అనే ఉచిత అనుకరణ కార్యక్రమం కంప్యూటర్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఇది అధికారిక సంస్థ వెలువరించినది కాకున్నా పోరు నియమాలను యథాతథంగా పాటిస్తుంది. ఇందులో జీవులు, ఎత్తులు, ఉపకరణాలు అందరికీ సమానంగా అందుబాటులో ఉంటాయి. పెంచవలసిన పని లేదు, కొనవలసిన పని లేదు. క్లబ్బులో ఇంటర్నెట్ సదుపాయం గల 8 కంప్యూటర్లు ఉంటే చాలును.

దీనితో పాటు జట్టు వివరాల పత్రాన్ని ఆటకు ముందు పరస్పరం మార్చుకొనే పద్ధతిని అవలంబించవలెను. 2022-23 క్రీడాకాలంలో అధికారిక పోటీలలోనూ ఇది ప్రవేశించింది. లేకుంటే స్నేహితులు ఎక్కువగా ఉన్నవారు ఇతరుల ఆటలను గమనింపజేసి రహస్యాలు సేకరిస్తారు. ఒంటరిగా వచ్చినవారు నష్టపోతారు.

ఎన్ని ఆటలు, ఏ పద్ధతి?

పోటీకి 16 మంది పేర్లు ఇచ్చారనుకొందాం. నాకౌట్ పద్ధతిలో 15 ఆటలతో విజేత తేలుతాడు. నిర్వాహకులకు ఇది సులభమే. కాని 8 మంది పిల్లలు మొదటి ఆటతోనే బయటికి పోతారు. వారం రోజులు జట్టును తీర్చిదిద్దుకొన్న పిల్లవాడు 20 నిమిషాలలో ప్రేక్షకుడైపోతాడు. అందరూ అందరితో ఆడే లీగ్ పద్ధతిలో ఈ లోపం లేదు, కాని 120 ఆటలు కావలెను. ఒక్క రోజులో అవి సాధ్యం కావు.

ఈ రెండింటికీ నడిమి మార్గం స్విస్ పద్ధతి. 1895లో జ్యూరిక్ నగరంలో చదరంగం పోటీకి దీనిని తొలిసారి వినియోగించారు. ఓడినవారిని తొలగించరు. ప్రతి రౌండులోనూ సమాన విజయాలు గలవారిని జతపరుస్తారు. ఒకసారి తలపడినవారు మరల తలపడరు. 16 మందికి 4 రౌండ్లు, అనగా 32 ఆటలు. మొదటి ఆట ఓడిన పిల్లవానికి రెండవ ఆటలో తనవంటి ప్రత్యర్థి లభిస్తాడు. ఆటగాళ్ళ సంఖ్య బేసి అయితే, విజయాలు తక్కువగా ఉన్న ఒకరికి ఆడకుండానే ఒక విజయం లెక్కించవలెను. అదే వ్యక్తికి రెండవసారి ఈ సదుపాయం ఇవ్వరాదు.

అయితే ఈ పద్ధతిలో ఒక మెలిక ఉన్నది. ఎవరూ మధ్యలో విరమించక, ఏ ఆటా సమంగా ముగియకపోతే, 4 రౌండ్ల అనంతరం లెక్క ఇట్లుంటుంది: నాలుగూ గెలిచినవారు 1, మూడు గెలిచినవారు 4, రెండు గెలిచినవారు 6, ఒకటి గెలిచినవారు 4, ఏదీ గెలవనివారు 1. సెమీఫైనల్‌లో చోటు నలుగురికే. మూడు లేక నాలుగు విజయాలు గలవారు ఐదుగురు. అనగా మూడు ఆటలు గెలిచిన నలుగురిలో ఒకరు ఇంటిముఖం పట్టక తప్పదు.

ఆ ఒక్కరు ఎవరన్నది ప్రత్యర్థుల విజయాల శాతాన్ని బట్టి నిర్ణయించడం ఆనవాయితీ. కఠినమైన ప్రత్యర్థులతో ఆడినవారు ముందుంటారు. ఇది సహేతుకమే. కాని పొద్దున తాను ఓడించిన బాలుడు మధ్యాహ్నం వేరొకరి చేతిలో ఓడినందువలన తనకు చోటు పోయిందని చెబితే ఏ పిల్లకు నచ్చుతుంది? అందుచేత ఆ లెక్కను వరుసక్రమానికి మాత్రమే వాడి, 4వ, 5వ స్థానాలలో ఉన్నవారి మధ్య ఒక నిర్ణాయక ఆట పెట్టవలెనని మా సూచన. దానికి పట్టేది అరగంట. ఆ అరగంటతో ఫలితం మరల పిల్లల చేతికే వస్తుంది.

కాలపట్టిక

ఆటకు గరిష్ఠ కాలం 20 నిమిషాలు. 2022లో విడుదలైన స్కార్లెట్, వయొలెట్ ఆటలతో జరిగిన అధికారిక పోటీలలో పాటించిన పరిమితి ఇదే. గడువు ముగిసేసరికి ఎవరి వద్ద ఎక్కువ జీవులు నిలిచి ఉన్నాయో వారే విజేత. కూర్చోవడానికి, పత్రాలు మార్చుకొనడానికి మరి 10 నిమిషాలు కలిపి ఒక్కొక్క ఆటకు అరగంట కేటాయించండి. 8 కంప్యూటర్లపై ఒకేసారి 4 ఆటలు, రౌండుకు 8 ఆటలు. అనగా రౌండుకు గంట. ఉదయం 9 గంటలకు ఆరంభిస్తే ఒంటిగంటకు నాలుగు రౌండ్లు పూర్తవుతాయి. భోజనానంతరం 2 గంటలకు నిర్ణాయక ఆట, 2.30కు సెమీఫైనల్స్, 3.45కు ఫైనల్. చివరి రెండు దశలలో మూడింట రెండు గెలిచినవారే విజేతలు. మొదటి షిఫ్టు ముగించుకొని వచ్చే తల్లిదండ్రులు కూడా తమ పిల్లల ఆటను కనులారా చూడగలరు.

న్యాయనిర్ణేత, బహుమతులు

న్యాయనిర్ణేతగా పోటీలో తన పిల్లలు లేనివారిని నియమించవలెను. ఆఫీసులో హోదా ఏదైనా, ఆట గదిలో ఆయన లేక ఆమె మాటే తుదిమాట. ఫిర్యాదు ఆటగాడే స్వయంగా, ఆట ముగియకముందే చెప్పవలెను. తల్లిదండ్రులు కల్పించుకొనరాదని నియమావళిలోనే వ్రాసిపెట్టడం ఉచితం. అధికారి బిడ్డకు వ్యతిరేకంగా తీర్పు చెప్పవలసి వచ్చినప్పుడు ఆ ఒక్క వాక్యమే న్యాయనిర్ణేతకు అండ.

ప్రవేశ రుసుము వసూలు చేసి దానినే విజేతలకు పంచడం వలదు. ఆన్‌లైన్ పందెపు ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్ట సవరణల ద్వారా నిషేధించాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పణంగా ఒడ్డే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. క్రీడకు, జూదానికి నడుమ ఆ గీత మన క్లబ్బులోనూ స్పష్టంగా కనబడవలెను. పుస్తకాలు, జ్ఞాపికలు, ప్రశంసాపత్రాలు చాలును. ఆడిన ప్రతి ఒక్కరికీ పేరు వ్రాసిన పత్రం ఇవ్వడం మరువకండి.

చివరిగా

పైన చెప్పినవన్నీ ఒక పుటకు కుదించి, పోటీకి కనీసం వారం ముందు క్లబ్బు నోటీసు బోర్డుపై ఉంచండి. తొలి ఆట మొదలైన తరువాత ఒక్క అక్షరం మార్చరాదు. నియమంలో లోపం కనబడితే వచ్చే యేటికి సరిదిద్దండి. మధ్యలో మార్చిన నియమం ఎంత మంచిదైనా ఎవరో ఒకరికి అన్యాయంగానే తోస్తుంది.

విజేత ఏ పద్ధతిలోనైనా సంతోషంగానే ఇల్లు చేరుతాడు. నియమావళికి అసలు పరీక్ష నాలుగు ఆటలూ ఓడిన ఆ ఒక్క పిల్లవాడు. సాయంత్రం వరకు తాను నాలుగుసార్లు నిండుగా ఆడానని, తనను ఎవరూ మోసగించలేదని నమ్మి, వచ్చే వేసవికి మంచి జట్టును సమకూర్చుకొనే ఆలోచనతో అతడు ఇంటికి వెళితే ఆ పోటీ సఫలమైనట్లే. మన క్లబ్బులు అట్టి పోటీలకు వేదికలు కావాలని ఆకాంక్షిద్దాం.