బండి కదలకముందే బోరు పూడాలి

నల్లగొండ, పాలమూరు మెట్టల్లో బోరు వేయడమంటే అప్పు తెచ్చి నేలలో పోయడమే. కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లుంటే ఆ రాతి పగుళ్లలోనే ఉంటాయి. పగులు తగిలితే పంట పండుతుంది, తగలకపోతే దుమ్ము లేస్తుంది. నల్లగొండ దగ్గరి ముషంపల్లిలో రెండు వేల ఎకరాల సాగుకు ఆరు వేలకు పైగా బోర్లున్నాయని, మనిషికి రెండు చొప్పున లెక్క తేలుతుందని పాత్రికేయుడు పి.సాయినాథ్ రెండు దశాబ్దాల కిందటే రాశారు. నీళ్లు పడక ఒకటి, పడినవి ఎండిపోయి మరొకటి, ఇలా వదిలేసిన బోర్లు ఈ ప్రాంతంలో ఏ ఊళ్లోనైనా కనిపిస్తాయి.

వదిలేసిన బోరు నోరు తెరుచుకుని ఉంటే ఏమవుతుందో మనకు తెలుసు. 2017 జూన్‌లో చేవెళ్ల దగ్గరి ఇక్కారెడ్డిగూడలో ఏడాదిన్నర పాప పడిపోయింది. 2020 మేలో మెదక్ జిల్లా పోడ్చన్‌పల్లిలో, కొత్తగా వేసినా నీళ్లు పడని బోరులో మూడేళ్ల బాబు పడ్డాడు. ఇద్దరూ దక్కలేదు. జేసీబీలు, ఆక్సిజన్ పైపులు, రాత్రంతా లైట్లు, ఆ తర్వాత తప్పెవరిదన్న వాదన. ఆ వాదన తేల్చడానికి న్యాయశాస్త్రంలో ఒక లెక్క ఉంది.

1944 జనవరిలో న్యూయార్క్ రేవులో ఒక సరుకు పడవ తాళ్లు వీడి కొట్టుకుపోయి, పిండి బస్తాలతో సహా మునిగింది. కాపలా ఉండాల్సిన మనిషి ఆ సమయానికి పడవ మీద లేడు. 1947లో ఆ కేసు తీర్పు రాసిన జడ్జి లెర్నెడ్ హ్యాండ్ మూడు సంగతులు తూచి చూడమన్నారు: ప్రమాదం జరిగే అవకాశం ఎంత, జరిగితే నష్టం ఎంత, దాన్ని ఆపే జాగ్రత్తకు ఖర్చెంత. మొదటి రెండింటినీ గుణిస్తే వచ్చేదానికంటే జాగ్రత్త ఖర్చు తక్కువై ఉండి కూడా ఆ జాగ్రత్త తీసుకోకపోతే అది నిర్లక్ష్యం. మన కోర్టులు ఈ సూత్రానికి కట్టుబడి లేవు. కానీ బాధ్యత గల మనిషి తీసుకునే జాగ్రత్త తీసుకున్నారా అని అవి అడిగే ప్రశ్నలో ఈ తూకమే ఉంది.

బోరును ఈ తూకంలో పెడదాం. ఒక్క బోరులో ఒక్క రోజు ఒక బిడ్డ పడే అవకాశం చాలా తక్కువే. రైతు ధీమా అదే. కానీ నోరు తెరిచిన బోరు ఒక్క రోజుతో పోదు, ఏళ్ల తరబడి ఉంటుంది. ఒక్కటే ఉండదు, చేను చేనుకూ ఉంటుంది. ఆ పక్కనే కూలికొచ్చిన తల్లులు పిల్లల్ని వదిలి కలుపు తీస్తుంటారు. ఎవరి బోరు వారికి చిన్న ప్రమాదం, ఊరికి మాత్రం పెద్దది.

ఇక నష్టం. ఇక్కడ మన చట్టమే ఒక తప్పు చేసింది. మోటారు వాహనాల చట్టానికి 1994లో చేర్చిన పట్టిక, సంపాదన లేనివారి ఆదాయాన్ని ఏడాదికి 15,000 రూపాయలుగా లెక్కించమంది. రోడ్డు ప్రమాదాల్లో పోయిన పిల్లల ప్రాణాలకూ చాలా కాలం అదే కొలత అయింది. 2013లో ఒక కేసులో సుప్రీంకోర్టు దాన్ని 30,000 చేసింది. సంపాదన లేదు కాబట్టి నష్టం తక్కువ అనుకునే లెక్కలో పసిప్రాణం ఎప్పుడూ చౌకే. ఆ కొలత పట్టుకుని జాగ్రత్తను తూచడం అన్యాయం.

మూడోది ఖర్చు. అసలు కీలకం ఇక్కడే ఉంది. బోరు వేస్తున్నప్పుడు పైకి వచ్చిన రాతిపొడి, ముక్కలు గుంత పక్కనే కుప్పగా పడి ఉంటాయి. బోరు బండి అక్కడ ఉండగానే వాటిని తిరిగి లోపలికి తోసేస్తే అయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు. బండి వెళ్లిపోయాక కుప్ప చెదిరిపోతుంది, రైతు చేతిలో పైసా ఉండదు. పైగా ఇంకో బోరుకు పనికొస్తుందని కేసింగ్ పైపు లాగేస్తే గుంత అంచులు వదులై మరింత ప్రమాదం. జాగ్రత్త ఖర్చు ఎంత అన్నది ఎవరు, ఎప్పుడు తీసుకుంటారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. తక్కువ ఖర్చుతో ఆపగలిగినవారి మీదే బాధ్యత ఎక్కువ మోపాలి. అంటే అడుగుకు ఇంత అని లెక్కగట్టి డబ్బు తీసుకుని వెళ్లే బండి యజమాని మీద. రైతుకు బాధ్యత లేదనడం లేదు. పోయిన అప్పును తలుచుకుంటూ గట్టున కూలబడ్డ మనిషి ఒక్కడి మీదే మొత్తం భారం వేయడం న్యాయం కాదు, దానివల్ల పిల్లలకు రక్షణా లేదు.

ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలో 2010లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. బోరు వేయడానికి 15 రోజుల ముందు అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి, పని జరిగేటప్పుడు చుట్టూ కంచె వేయాలి, కేసింగ్‌కు ఉక్కు పలక వెల్డింగ్ చేయాలి లేదా బోల్టులతో గట్టి మూత బిగించాలి, వదిలేసిన బోరును మట్టి, ఇసుక, రాళ్లు, తవ్విన పొడితో అడుగు నుంచి నేల మట్టం దాకా పూడ్చాలి. బోరు బండ్లు రిజిస్టర్ చేయించుకోవాలని 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టమే (వాల్టా) చెబుతోంది. నియమాలున్నాయి, వాటిని తప్పితే బండి యజమానికి నష్టం తగిలేలా అమలు చేయడమే మిగిలింది.

కాబట్టి చేయాల్సింది ఇది. పూడ్చడం బోరు ధరలోనే భాగం కావాలి. పూడ్చిన బోరు ఫొటో పంచాయతీ కార్యదర్శికి చేరేదాకా రైతు ఆఖరి విడత డబ్బు ఇవ్వనక్కర్లేదని ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. తెరిచి వదిలేసిన బండి రిజిస్ట్రేషన్ రద్దు కావాలి, ప్రమాదం జరిగితే పరిహారంలో మొదటి వాటా దాని యజమానే కట్టాలి. ఇప్పటికే ఉన్న పాత బోర్లను గ్రామసభలో లెక్క తీసి పంచాయతీ ఖర్చుతో మూయించాలి. వచ్చే ఎండాకాలం బోరు బండ్లు మన ఊళ్లకు రాకముందే కలెక్టర్లు ఈ పని మొదలుపెట్టాలి.