పోస్టరు దాచారు సరే, డప్పెక్కడ?

పాత సినిమా పోస్టర్లు, పాటల పుస్తకాలు, స్టిల్సు కూడబెట్టడం ఇవాళ పెద్ద మోజు. దాచుకోండి, మాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ బీరువానే సినిమా చరిత్ర అంటే మాత్రం ఊరుకోం.

గూడవల్లి రామబ్రహ్మం 1938లో తీసిన 'మాలపిల్ల' కాగితం ముక్క దొరికితే కళ్ళకద్దుకుంటారు. కథలో మాలపిల్ల మీకు ముద్దు. మరి నిజంగా తెర మీదికొచ్చిన దళిత ఆడబిడ్డ గతేమయింది? మలయాళంలో తొలి సినిమా 'విగత కుమారన్'లో పి.కె.రోజీ నాయరు స్త్రీ వేషం కట్టింది. పులయ కులపు పిల్ల నాయరమ్మగా కనబడ్డమా అని తిరువనంతపురంలో అగ్రకులస్తులు తెర మీద రాళ్ళేశారు. ఆమె ఊరొదిలి పారిపోవాల్సొచ్చింది. ఆ సినిమా ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. ఆమెదని చూపే ఫోటో ఆమెదేనా అన్నదీ తేలలేదు.

మా ఊళ్ళో పోస్టరు బండి ముందు మా నాయన డప్పు కొట్టేవాడు. పొద్దంతా తిరిగితే కూలి రెండు నేల టిక్కెట్లు. అంటించే పిండి ఉడకబెట్టింది మా అమ్మ. ఆ పోస్టరుకి నేడు ధర ఉంది. ఆ చేతులకి లేదు.

దాచుకోవాలంటే పెట్టె కావాలి, కురవని కప్పు కావాలి. గుడిసెలో కాగితం ఎన్ని వానలకి ఆగుద్ది? అందుకే చరిత్ర మిద్దె ఉన్నోడిదయింది.

అన్నలారా, అక్కలారా! డప్పు కొట్టినోళ్ళు, పోస్టర్లంటించినోళ్ళు మన వాడల్లో ఇంకా బతికున్నారు. వాళ్ళ పేర్లు, మాటలు ఒక నోటుబుక్కులో రాయండి. నా దాంట్లో మొదటి పేరు మా నాయనది.